పూగా వేడి నీటి ఊటల దాకా నడక: బెజవాడ, గుంటూరు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

లద్దాఖ్‌లో వేడి నీటి ఊటల దాకా నడిచి వెళ్ళొచ్చనగానే మన ఊళ్ళో వచ్చే ప్రశ్నలు దాదాపు ఒకటే. ఒకరు జర్కిన్ గురించి, ఒకరు బీపీ మాత్రల గురించి, ఇంకొకరు ఆవకాయ గురించి అడుగుతారు. వాట్సాప్‌లో అందరికీ విడివిడిగా టైప్ చెయ్యడం కన్నా ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరుసగా చదవక్కర్లేదు.

## వెళ్ళాలా, వద్దా అనుకునేటప్పుడు

ఇది అసలు ఎక్కడుందండీ? ఎడారి అంటారు, మళ్ళీ చలి అంటారు?

లద్దాఖ్ తూర్పు భాగంలో చాంగ్‌థాంగ్ అనే పీఠభూమి ఉంది. అక్కడ 1987లో ఏర్పాటైన చాంగ్‌థాంగ్ శీతల ఎడారి వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోదే పూగా లోయ. సముద్ర మట్టానికి సుమారు 4,400 మీటర్ల ఎత్తు. వర్షం మోసుకొచ్చే మేఘాలను హిమాలయాలు ఆపేస్తాయి కాబట్టి అక్కడ చెట్టు కనపడదు. లేహ్‌లో ఏడాది మొత్తం కురిసే వాన 100 మిల్లీమీటర్లు అటూఇటూ. బెజవాడలో ఒక్క గట్టి తుపాను రోజున అంత కురిసిన సందర్భాలున్నాయి. ఇసుక దిబ్బల ఎడారి కాదిది. రాళ్ళు, గులకనేల, బురద గడ్డి, పైన కళ్ళు చెదిరే ఎండ. రాత్రయితే ఎముకలు కొరికే చలి.

నేల మీద అంత చలి ఉంటే కింద నీళ్ళు ఎలా మరుగుతున్నాయి?

భూమి పైపొరలోని పెద్ద పలకలైన భారత ఫలకం, యూరేషియా ఫలకం ఢీకొన్న అతుకు సింధు నది వెంబడే పోతుంది. పూగా ఆ అతుకు దగ్గరే ఉంది. నేల లోపలికి ఇంకిన మంచు నీరు వేడి రాతి పొరల దాకా దిగి, పగుళ్ళ గుండా పైకి తన్నుకొస్తుంది. వచ్చేటప్పుడు గంధకం, బోరాక్స్ అనే లవణం కరిగించుకుని వస్తుంది. లోయలో అక్కడక్కడ తెల్లటి పొర, పసుపు మరకలు కనిపించేది అందుకే.

వేడి నీళ్ళ కోసం అంత దూరం ఎందుకు? మనకి దగ్గర్లో లేవా?

ఉన్నాయి. భద్రాచలానికి దగ్గర్లో గుండాల దగ్గర గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడి నీళ్ళు ఊరతాయి. బెజవాడ నుంచి ఒక రోజులో చూసి రావచ్చు. వేడి నీళ్ళు మాత్రమే చూడాలనుకుంటే అక్కడికే వెళ్ళండి, డబ్బు మిగులుతుంది. పూగాకి వెళ్ళేది నీళ్ళ కోసం కాదు, ఆ లోయలో నడవడం కోసం.

పూగాలో దిగి స్నానం చెయ్యొచ్చా?

ఎక్కువ మంది నిరాశపడేది ఇక్కడే. పూగా ఊటల్లో కొన్ని 84 డిగ్రీల దాకా ఉంటాయి. ఆ ఎత్తులో నీళ్ళు మరిగేదే దాదాపు 85 డిగ్రీల దగ్గర. అంటే మీ ముందు బుసబుస పొంగేది మరుగుతున్న నీళ్ళే. కాలు పెడితే చర్మం ఊడుతుంది. ఊట నీళ్ళు వాగులో కలిసి చల్లబడిన చోట పాదాలు కడుక్కోవచ్చు, అదీ ముందు చేత్తో చూసుకుని. స్నానం చెయ్యాలనుంటే లేహ్ నుంచి వచ్చే దారిలోనే, సింధు నది ఒడ్డున చుమథాంగ్ ఉంది. ఊట నీళ్ళు పట్టి స్నానాల గదులు కట్టారు. చూడ్డానికి పూగా, స్నానానికి చుమథాంగ్ అని ఇంటి దగ్గరే తేల్చుకుంటే ఎవరికీ బాధ ఉండదు.

ఏ నెలలో వెళ్ళాలి? పిల్లల వేసవి సెలవుల్లో కుదురుతుందా?

మేలో మనకి సెలవులే గానీ అక్కడ ఇంకా చలి వదలదు. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు మంచి కాలం. నా ఓటు ఆగస్టు చివరికి. మధ్యాహ్నం మంచు కరిగి పొంగే వాగులు అప్పటికి కొంచెం నెమ్మదిస్తాయి. లద్దాఖ్‌లో వాన తక్కువే, కానీ కురిస్తే పట్టుకునేందుకు చెట్టూ మట్టీ లేవు. 2010 ఆగస్టులో లేహ్‌లో మేఘ విస్ఫోటం వల్ల వచ్చిన వరదలో రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఎండిపోయిన వాగు కదా అని దాని మధ్యలో టెంటు వెయ్యకండి.

నాకు 58. బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. రావచ్చా?

వయసు ఒక్కటే అడ్డు కాదు. బీపీ అదుపులో ఉండి, డాక్టరు గుండె పరీక్షలు చూసి సరేనంటే ఈ ఎత్తుకి వెళ్ళొచ్చే వాళ్ళున్నారు. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు మాత్రం ఈ ప్రయాణం పెట్టుకోకపోవడమే మంచిది. షుగర్ ఉన్నవాళ్ళు రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. ఇన్సులిన్ గడ్డ కడితే పనికిరాదు, రాత్రి దాన్ని రగ్గులో మీ ఒంటికి ఆనించుకుని పడుకోవాలి. చలిలో, ఎత్తులో గ్లూకోమీటరు తప్పు చూపించే అవకాశం ఉంది. అందుకని అంకెతో పాటు ఒంట్లో ఎలా ఉందో కూడా చూసుకోవాలి.

ఐదేళ్ళ పాపని తీసుకెళ్ళొచ్చా?

వద్దు. తలనొప్పి, వికారం మొదలైతే ఆ వయసు పిల్లలు సరిగ్గా చెప్పలేరు. ఊరికే పేచీ పెడుతుందనుకుంటాం.

## ఇంటి దగ్గర ఉండగా

రోజూ ప్రకాశం బ్యారేజీ మీద వాకింగ్ చేస్తాను. సరిపోతుందా?

కాళ్ళకి కొంత అలవాటు అవుతుంది. దానికి తోడు వారానికోసారి వీపున నాలుగైదు కిలోల బ్యాగు వేసుకుని మంగళగిరి కొండమెట్లో, కొండపల్లి కోటో, గుంటూరు వాళ్ళయితే కొండవీడో ఎక్కి దిగండి. ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్ళని ఎక్కువ బాధపెడుతుంది కాబట్టి దిగడం కూడా ప్రాక్టీసే.

ఒక్క సంగతి. ఫిట్‌నెస్ ఉంటే ఎత్తు ఏమీ చెయ్యదనుకోవద్దు. పూగాలో గాలి పీడనం మన ఊళ్ళో ఉండేదానిలో సుమారు 60 శాతమే. జిమ్‌కి వెళ్ళే పాతికేళ్ళ కుర్రాడు మంచాన పడొచ్చు, పక్కనే వాళ్ళ పెద్దమ్మ హాయిగా టీ తాగుతూ ఉండొచ్చు. పడిపోయేది ఎక్కువగా కుర్రాళ్ళే, ఎందుకంటే వాళ్ళు ఆగరు.

డయామాక్స్ మాత్ర వేసుకుంటే చాలంటున్నారు. నిజమేనా?

అది ఒంటిని ఎత్తుకి త్వరగా అలవాటు పడేలా సాయం చేస్తుంది, అంతే. అలవాటు పడే రోజుల్ని ఎగ్గొట్టడానికి అది లైసెన్సు కాదు. సల్ఫా మందులు పడనివాళ్ళు, కిడ్నీ సమస్యలున్నవాళ్ళు జాగ్రత్త. మెడికల్ షాపులో అడిగి కొనేసుకోకుండా డాక్టరుని అడిగి మోతాదు రాయించుకోండి. వేసుకున్నాక వేళ్ళు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళడం మామూలే, టెన్షన్ పడక్కర్లేదు.

మన దగ్గర స్వెటరే ఉండదు. బట్టలు ఎక్కడ కొనాలి?

ఒక్క లావుపాటి కోటు కన్నా మూడు పొరలు మేలు. ఒంటికి అంటిపెట్టుకునే థర్మల్, దాని మీద ఉన్నిలా వెచ్చగా ఉండే ఫ్లీస్, పైన గాలి ఆపే జాకెట్. మధ్యాహ్నం ఎండకి ఒక్కోటీ విప్పుతారు, సూర్యుడు కొండ చాటుకి పోగానే మళ్ళీ అన్నీ వేసుకుంటారు. కాటన్ బనియన్ చెమటకి తడిసి ఆరదు, అది వద్దు. థర్మల్స్, బూట్లు ఇక్కడే డెకాథ్లాన్ లాంటి చోట కొనుక్కోండి. బూట్లు మాత్రం నెల ముందే కొని తొడుక్కుని తిరగాలి. కొత్త బూట్లతో నేరుగా వెళ్తే మడమలు బొబ్బలెక్కుతాయి. లావు జాకెట్, స్లీపింగ్ బ్యాగు కొనక్కర్లేదు, లేహ్‌లో అద్దెకిస్తారు. మంకీ క్యాప్ చూసి నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. నల్ల కళ్ళద్దాలు, సన్‌స్క్రీన్, పెదాలకి బామ్ తప్పనిసరి.

పచ్చళ్ళు, పొడులు తీసుకెళ్ళొచ్చా?

పొడులు నిక్షేపంగా. కందిపొడి, నువ్వులపొడి ఉంటే ఏ గెస్ట్‌హౌస్ అన్నమైనా దిగుతుంది. ఆవకాయ, గోంగూర లాంటి నూనె పచ్చళ్ళు చేతి బ్యాగులో వద్దు, చెక్ఇన్ లగేజీలో పెట్టండి. పైకి వెళ్ళేకొద్దీ బయట గాలి ఒత్తిడి తగ్గి డబ్బా లోపలి గాలి వ్యాకోచిస్తుంది. మూత సందులోంచి నూనె ఊరి బట్టలన్నీ పచ్చడి వాసన కొడతాయి. చిన్న కవరు, దాని మీద ఇంకో కవరు, అప్పుడు డబ్బా. చిప్స్ ప్యాకెట్లు చుమథాంగ్ చేరేసరికి బెలూన్‌లా ఉబ్బుతాయి, పాడైపోయాయని పారేయకండి. నడిచేటప్పుడు జేబులో పల్లీ చిక్కీ, మామిడి తాండ్ర, ఖర్జూరం ఉంచుకోండి. ఆ ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, తియ్యగా ఉన్నవే కాస్త లోపలికి పోతాయి.

అన్నం మేమే వండుకుంటామనే వాళ్ళు ప్రెషర్ కుక్కర్ లేకుండా బయల్దేరొద్దు. 85 డిగ్రీలకే మరిగే నీళ్ళలో బియ్యం మామూలు గిన్నెలో పలుకు విడవదు, కందిపప్పయితే అసలే ఉడకదు.

పర్మిట్లు కావాలా?

చైనా సరిహద్దుకి దగ్గర ప్రాంతం. లేహ్ జిల్లా యంత్రాంగం వెబ్‌సైటులో పర్యావరణ రుసుము కట్టి రసీదు తీసుకోవాలి. నియమాలు తరచూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే వారం ముందు అదే సైటు చూసుకోండి, యూట్యూబ్ వీడియోల్ని నమ్మకండి. రసీదు, ఆధార్ నాలుగైదు ప్రింట్లు తీసి పెట్టుకోండి. పూగా దారిలో మాహె వంతెన దగ్గర తనిఖీ ఉంటుంది. ఫోన్లో చూపిస్తానంటే అక్కడ చార్జింగ్, సిగ్నల్ రెండూ కలిసిరావాలి.

ఫోన్ పనిచేస్తుందా?

ఆంధ్రాలో తీసుకున్న ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ పనిచేస్తుంది. గ్రూపులో కనీసం ఇద్దరి దగ్గర వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి. పూగాలో సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి. "ఫలానా రోజు రాత్రి వరకు ఫోన్ కలవదు" అని ఇంట్లో ముందే చెప్పి వెళ్తే అమ్మానాన్నలకి కంగారుండదు.

## దారిలో, లేహ్‌లో

విమానంలో పోవాలా, రోడ్డు మీద పోవాలా?

గన్నవరం నుంచి ఢిల్లీ, అక్కడి నుంచి లేహ్. తేలిక దారి ఇదే. కాకపోతే ఢిల్లీ నుంచి గంటన్నరలో ఒక్కసారిగా 3,200 మీటర్లకి పైన దిగుతారు, లేహ్ ఊరు ఇంకాస్త ఎత్తు. లేహ్ విమానాలు ఎక్కువగా పొద్దున్నే ఉంటాయి, మధ్యాహ్నం గాలులు పెరుగుతాయి కాబట్టి. ఢిల్లీలో ఒక రాత్రి ఆగేలా టికెట్లు చూసుకోండి.

రోడ్డు మీద వెళ్ళే తీరిక ఉంటే శ్రీనగర్ దారి మేలు, ఎత్తు మెల్లగా పెరుగుతుంది. మనాలీ దారి అందంగానే ఉంటుంది. కానీ మధ్యలో సర్చు దగ్గర సుమారు 4,300 మీటర్ల ఎత్తులో పడుకోవాల్సి వస్తుంది, ఒళ్ళు అలవాటు పడకముందే. ఆ రాత్రి చాలామందికి నిద్ర పట్టదు.

స్టవ్ గ్యాస్ డబ్బాలు విమానంలో ఎక్కించనివ్వరు. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి.

మాకు మొత్తం వారమే సెలవు. లేహ్‌లో ఒక్క రోజు ఆగి వెళ్ళిపోతే కాదా?

కాదు. అన్నిట్లోకీ నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే. లేహ్‌లో కనీసం రెండు పూర్తి రోజులు, వీలైతే మూడు. మొదటి రోజు గదిలో పడుకోవడం, నీళ్ళు తాగడం, కిటికీలోంచి చూడ్డం. రెండో రోజు బజారు దాకా. తర్వాత పడుకునే ఎత్తు ఒక్కో రాత్రికి 500 మీటర్లకి మించి పెరగకూడదని వైద్యులు చెప్పే లెక్క. మన దారి ఆ లెక్కకి చక్కగా సరిపోతుంది. లేహ్ 3,500, చుమథాంగ్ దాదాపు 4,000, ఆ తర్వాత పూగా 4,400. అందుకే తంగ్‌లాంగ్ లా కనుమ మీదుగా తిన్నగా సో కర్ సరస్సుకి పోయే దారి కన్నా సింధు ఒడ్డున చుమథాంగ్ మీదుగా పోయే దారే ఎంచుకోమంటాను. ఒక రాత్రి చుమథాంగ్‌లో ఆగండి. వారంలో ఇవన్నీ ఇమడకపోతే పూగాని ఈసారికి వదిలేసి లేహ్ చుట్టుపక్కల చూసి రండి. వచ్చే ఏడాది కూడా ఆ ఊటలు అక్కడే ఉంటాయి.

తలనొప్పి వస్తే ఎప్పుడు భయపడాలి?

లేహ్‌లో మొదటి రోజు కొంచెం తలనొప్పి, నిద్ర సరిగా పట్టకపోవడం చాలామందికి ఉండేవే. విశ్రాంతి తీసుకుంటే తగ్గాలి. తగ్గకపోగా వాంతులు కూడా మొదలైతే ఇంకా పైకి వెళ్ళకూడదు.

కింది వాటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు: ఊరికే కూర్చున్నా ఆయాసం, దగ్గుతో నురగ, తిన్నగా గీత మీద నడవలేక తూలడం, అడిగిన దానికి పొంతన లేని జవాబు. వెంటనే కిందికి దించాలి. ఆక్సిజన్ ఉంటే పెట్టండి, కానీ ఆక్సిజన్ ఉంది కదా అని దించడం ఆపొద్దు. జిల్లాలో పెద్ద ప్రభుత్వాసుపత్రి లేహ్‌లోని ఎస్‌ఎన్‌ఎం హాస్పిటల్. "నాకేం కాలేదు, మీ ప్రోగ్రాం పాడుచెయ్యను" అని దాచే మనిషి ప్రతి గ్రూపులోనూ ఉంటాడు. సాయంత్రం టీ దగ్గర అందరినీ ఒకసారి పలకరించండి, ముఖ్యంగా తినకుండా లేచిపోయిన వాళ్ళని.

కారు అద్దెకి తీసుకుని మేమే నడుపుకోవచ్చా?

లేహ్ టాక్సీ యూనియన్ బండి మాట్లాడుకోవడమే తెలివైన పని. ఏ ఊరికి ఎంతో యూనియన్ రేట్ల పట్టిక ఉంటుంది, బేరం గొడవ లేదు. అక్కడి డ్రైవర్‌కి వాగు ఎక్కడ దాటాలో తెలుసు. లేహ్ దాటాక ఏటీఎంల మీద ఆశ పెట్టుకోకుండా నగదు తీసుకుని వెళ్ళండి.

## నడక

ఎంత దూరం నడవాలి? అందరూ నడవగలరా?

ఓపికని బట్టి మూడు రకాలు. మాహె వంతెన దాటాక సుమ్‌డో అనే చోట రోడ్డు చీలుతుంది. ఒకటి సో మోరిరి సరస్సు ఒడ్డునున్న కోర్జోక్ ఊరికి, ఇంకోటి పూగా లోయలోకి. సుమ్‌డో దగ్గర బండి దిగి, లోయ వెంట నడిచి ఊటలు చూసి సాయంత్రానికి వెనక్కి రావడం మొదటి రకం. నేల దాదాపు చదును, పెద్ద ఎక్కుడు లేదు. మన దగ్గర నుంచి మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇదే నా సలహా.

రెండోది సో కర్ వైపు నుంచి పోలోకోంగ్‌కా లా కనుమ ఎక్కి పూగా లోయలోకి దిగడం. కనుమ ఎత్తు 4,900 మీటర్లకి పైనే, మధ్యలో టెంటు వెయ్యాలి. మూడోది రూమ్‌త్సే అనే ఊరి నుంచి సో కర్ మీదుగా కోర్జోక్ దాకా వారం రోజుల ట్రెక్. 5,000 మీటర్లు దాటే కనుమలు ఒకటి కన్నా ఎక్కువే. హిమాలయాల్లో ముందు నడిచినవాళ్ళే దాని జోలికి వెళ్ళాలి.

నడక వేగం ఎలా ఉండాలి?

పక్కవాళ్ళతో మాట్లాడుతూ నడవగలిగేంత. మాట తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే.

మంచినీళ్ళు వాగులో పట్టుకోవచ్చా?

పూగా లోయలో వద్దు. ఊటల నుంచి వచ్చే నీళ్ళలో బోరాక్స్ లాంటి లవణాలు కరిగి ఉంటాయి. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ లవణాలు పోవు. ఆ రోజుకి కావలసిన నీళ్ళు మనిషికి మూడు లీటర్లు లెక్కన ముందే నింపుకుని బయల్దేరండి. మన ఊళ్ళో ఉక్కపోతకి చొక్కా తడిస్తే నీళ్ళు తాగాలని తెలుస్తుంది. అక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగుతూ ఉండాలి.

జంతువులు కనిపిస్తాయా? ప్రమాదమా?

కియాంగ్ అనే అడవి గాడిదలు మందలుగా కనిపిస్తాయి. ముదురు గోధుమ రంగు వీపు, తెల్లటి పొట్ట. బండి చూస్తే కాసేపు పక్కనే పరుగెత్తి, ఉన్నట్టుండి ఆగి తల తిప్పి చూస్తాయి. బురద గడ్డి దగ్గర నల్లమెడ కొంగలు జంటగా తిరుగుతుంటాయి, అవి లద్దాఖ్ అధికారిక పక్షులు. సో కర్, సో మోరిరి రెండూ రామ్‌సర్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చిత్తడి నేలలు. గూళ్ళ దగ్గరికి పోకండి, దూరం నుంచే బైనాక్యులర్‌లో చూడండి. మర్మట్లకి (పెద్ద ఉడతల్లాంటి జంతువులు) బిస్కెట్లు పెట్టి సెల్ఫీలు దిగే అలవాటు అక్కడ పెద్ద తలనొప్పి అయింది, మీరు మొదలుపెట్టకండి.

భయపడాల్సింది వీధి కుక్కలకి. క్యాంపులు, సైనిక శిబిరాల దగ్గర మిగిలిన తిండికి మరిగి గుంపులు కట్టాయి. కొంగ గుడ్ల్ని, పిల్లల్ని కూడా తినేస్తున్నాయి. ఒంటరిగా నడవకండి, చేతికర్ర ఉంచుకోండి, తిండి పారేయకండి.

చాంగ్‌పాల గుడారాల దగ్గరికి వెళ్ళొచ్చా?

పష్మీనా మేకల్ని మేపుకుంటూ తిరిగే సంచార పశుపోషకులు వాళ్ళు. జడల బర్రె వెంట్రుకలతో నేసిన నల్ల గుడారాల్లో ఉంటారు. బయట నిలబడి "జూలే" అని పలకరించండి, రమ్మంటే లోపలికి వెళ్ళండి. ఉప్పు, వెన్న వేసిన టీ ఇస్తారు. మన నాలుకకి అది టీలా కాక చారులా అనుకుంటే దిగుతుంది. అడగకుండా ఫోటోలు తియ్యకండి.

టాయిలెట్ సంగతేంటి? అడగడానికి మొహమాటంగా ఉంది.

అందరూ అడుగుతారు, కాకపోతే చివర్లో. లద్దాఖీ ఇళ్ళలో ఉండేది పొడి మరుగుదొడ్డి. పని అయ్యాక పక్కనున్న మట్టి పారతో వెయ్యాలి, అది ఎరువవుతుంది. అందులో చెంబెడు నీళ్ళు గుమ్మరిస్తే కుళ్ళి వాసనొస్తుంది, ఇంటావిడ ఏమీ అనదు గానీ బాధపడుతుంది. కడుక్కోవడం వేరే చోట చూసుకోండి. ఆరుబయట అయితే నీటికి 60 మీటర్లకి తగ్గని దూరంలో జానెడు లోతు గుంట తవ్వి కప్పెయ్యాలి. టిష్యూలు, ప్యాడ్లు కవర్లో వేసి వెనక్కి తెచ్చుకోవాలి. ఆ చలిలో ఏదీ త్వరగా కుళ్ళదు.

## ఊటల దగ్గర

నేల గట్టిగానే ఉంది కదా, దగ్గరికి వెళ్ళి చూస్తే ఏమవుతుంది?

తెల్లటి లవణపు పొర పైకి గట్టిగా కనిపిస్తుంది. కింద వేడి బురద ఉండొచ్చు. ఆవిరి వచ్చే చోట, నేల తడిగా మెరిసే చోట అడుగు పెట్టకండి. అప్పటికే అరిగిన కాలిబాట మీదే నడవండి. గంధకం వాసనకి తల తిరిగినట్టుంటే గాలి వచ్చే వైపుకి జరగండి.

గుడ్లు ఉడకబెట్టుకోవచ్చంటగా?

ఉడుకుతాయి, ఆలస్యంగా. పెంకులు మాత్రం అక్కడే పారేసి వస్తున్నారు. వద్దు.

చుమథాంగ్‌లో ఆడవాళ్ళకి స్నానానికి వీలుంటుందా? ఎంతసేపు ఉండొచ్చు?

గదులు ఉన్నాయి, తలుపులు వేసుకోవచ్చు. మరీ శుభ్రంగా ఉంటాయని అనుకోకండి, ఒక చెప్పుల జత విడిగా తీసుకెళ్ళండి. నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయో మోచేత్తో చూసి దిగండి. పది నిమిషాలు చాలు. వేడి నీళ్ళలో రక్తనాళాలు వెడల్పై బీపీ పడిపోతుంది. అసలే గాలి పలచగా ఉన్న చోట గబుక్కున లేస్తే కళ్ళు తిరుగుతాయి. మెల్లగా లేచి, గోడ పట్టుకుని, ఒళ్ళు తుడుచుకుని వెంటనే టోపీ పెట్టుకోండి. మద్యం తాగి దిగకండి. బయట తెరిచి ఉన్న మడుగుల్లో తల ముంచకండి, ముక్కులోకి నీళ్ళు పోనివ్వకండి.

నగలు తీసెయ్యాలా?

వెండి పట్టీలు, మెట్టెలు గంధకానికి నల్లబడతాయి. తీసి లోపల పెట్టుకోండి, లేదా నల్లబడితే ఊరొచ్చాక తోమించుకోండి.

కీళ్ళ నొప్పులు, చర్మ రోగాలు తగ్గుతాయంటారు?

స్థానికులు ఆ నమ్మకంతో వస్తారు. వేడికి నొప్పి కాసేపు సద్దుమణగడం సహజమే. అమ్మమ్మ మోకాళ్ళకి అని సీసాలో పట్టి తేవడం మాత్రం దండగ. ఇంటికొచ్చేసరికి అది చల్లటి గంధకం నీళ్ళే.

అక్కడ పైపులు, డ్రిల్లింగ్ యంత్రాలు కనిపించాయి. ఏమిటవి?

భూగర్భ వేడితో కరెంటు తీసే ప్రయత్నం. 1970ల నుంచే పూగాలో బోర్లు వేసి పరిశోధించారు. 2021లో ఓఎన్‌జీసీ, లద్దాఖ్ పాలనా యంత్రాంగం ఒప్పందం చేసుకున్నాయి. కరెంటు వస్తే డీజిల్ జనరేటర్ల అవసరం తగ్గుతుంది. ఇటు కొంగలు గూళ్ళు కట్టుకునే బురద గడ్డి అదే లోయలో ఉంది. రెండూ నిజమే. కంచె లోపలికి మాత్రం వెళ్ళకండి.

## తిరుగు ప్రయాణం

అంత దూరం వెళ్ళి సో మోరిరి చూడకుండా రావడమా?

ఒళ్ళు బాగుంటే తప్పక చూడండి. సుమ్‌డో నుంచి బండిలో కోర్జోక్ వెళ్ళొచ్చు. సరస్సు 4,500 మీటర్ల పైన ఉంది. ఒడ్డున టెంట్లు వెయ్యనివ్వరు, ఊళ్ళోనే బస. ముందు రాత్రి ఎవరికైనా తలనొప్పి ఉండి ఉంటే అక్కడ పడుకోకుండా చూసి వెనక్కి దిగిపోండి.

తిరిగొచ్చే విమానం ఎలా బుక్ చేసుకోవాలి?

లేహ్‌లో ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. వాతావరణం బాగోక విమానాలు రద్దవడం అక్కడ వింతేం కాదు. ఢిల్లీ నుంచి గన్నవరం టికెట్ అదే మధ్యాహ్నానికి తీసి పెట్టుకుంటే అది కూడా పోతుంది. చెత్త కవర్లు లేహ్‌లోనే డబ్బాల్లో వేసెయ్యండి, అద్దె జాకెట్ జేబులు ఒకసారి వెతుక్కుని మరీ ఇచ్చెయ్యండి. ఇంటి తాళాలు ఎక్కువగా అందులోనే ఉండిపోతాయి.